బాలాపూర్ బస్తీల్లో పనికి చేరుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. హైదరాబాద్ బాలాపూర్‌లో, మయన్మార్ నుంచి శరణు కోరి వచ్చిన రోహింగ్యాల బస్తీల్లో పనికి చేరుతున్నానని రాశావు. చాలా సంతోషం. మొదటి వారంలోనే "వీళ్లు మన దేశస్థులు కారు కదా, వీళ్లకు హక్కులేంటి?" అని బడిలోనూ ఆసుపత్రిలోనూ అడుగుతారు. దానికి జవాబు నీ నోట్లో సిద్ధంగా ఉండాలి. రాజ్యాంగంలో మాట్లాడే, తిరిగే, నివసించే స్వేచ్ఛలిచ్చే 19వ అధికరణం పౌరులది. చట్టం ముందు సమానత్వం చెప్పే 14, ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21 మాత్రం మనిషన్న ప్రతివారివీ. అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంటున్న చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే.

అలాగని లేనిపోని ఆశ పెట్టకు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. ఇక్కడే ఉండిపోయే హక్కు పౌరులదేనని, చట్టం చెప్పిన పద్ధతి పాటించకుండా మాత్రం పంపేయకూడదని 2021లో రోహింగ్యాల కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ (యూఎన్‌హెచ్‌సీఆర్) ఇచ్చే కార్డు ఉంటే ఎవరూ పట్టుకోరని ఏ ఇంట్లోనూ మాట ఇవ్వకు. కార్డు గడువు తేదీని మాత్రం ప్రతి కుటుంబానికీ నీ పుస్తకంలో రాసుకో. గడువు దాటాక పరుగులు పెట్టడం కంటే మూడు నెలల ముందే గుర్తు చేయడం నయం.

నువ్వు ఎక్కువ సమయం పెట్టాల్సింది పేర్ల మీద. నవ్వకు, సగం కష్టాలు ఇక్కడే పుడతాయి. వాళ్లకు మనలా ఇంటిపేరు ఉండదు. మన ఫారంలో ఆ గడి ఖాళీగా కనబడితే రాసే గుమాస్తా తోచింది పెట్టేస్తాడు. కార్డులో ఒక పేరు, కాన్పు చీటీలో ఇంకొకటి, బడి రిజిస్టరులో మూడోది. రేపు ఆ బిడ్డ వీళ్ల బిడ్డేనని చూపడానికి కాగితం మిగలదు. అందుకే గర్భిణి ఆరో నెలలో ఉండగానే ఒక అట్టముక్క మీద భార్యాభర్తల పేర్లు కార్డులో ఉన్న ఇంగ్లీషు స్పెల్లింగుతోనే పెద్ద అక్షరాల్లో రాసి చేతికివ్వు. ఆసుపత్రిలో నోటితో చెప్పకుండా అదే చూపించమను. జననం నమోదైపోయాక తప్పు దిద్దించడం నెలల పని.

పుట్టిన 21 రోజుల్లోపు నమోదుకు రుసుము లేదు. 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో అవుతుంది. ఏడాది వరకు అధికారి రాతపూర్వక అనుమతి, ఆపైన మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఇంట్లో కాన్పు అయితే ఆసుపత్రి పంపదు, ఇంటివాళ్లే తెలియజేయాలి. జారిపోయేవి ఎక్కువగా ఇవే. బిడ్డ పేరు ఇంకా పెట్టలేదని ఆగొద్దు, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. ఈ పత్రంతో పౌరసత్వం రాదని తల్లిదండ్రులకు విడమర్చి చెప్పు. 2004 డిసెంబరు 3 తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం రావాలంటే తల్లిదండ్రుల్లో ఒక్కరైనా పౌరులై ఉండాలి, రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. అయినా వయసుకు సాక్ష్యం అదే. బడికైనా, బాల్యవివాహం ఆపడానికైనా, పోలీసులు పట్టుకున్న పిల్లవాడు మైనరని చూపడానికైనా అక్కరకొస్తుంది.

బడి విషయంలో 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బిడ్డకూ విద్యాహక్కు చట్టం వర్తిస్తుంది. వయసు రుజువు లేదని చేర్చుకోకపోవడం కుదరదని 14వ సెక్షన్ చెబుతుంది. అంగన్‌వాడీ రికార్డో, తల్లిదండ్రుల వాంగ్మూలమో చాలు. ఎక్కువగా అడ్డొచ్చేది ఆధార్. బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. హెడ్మాస్టరుతో తగాదా పడకు, ఆన్‌లైన్‌లో పేరు ఎక్కక ఆయనా ఇరుక్కుపోయి ఉంటారు. దరఖాస్తు రాతలో ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకో. పైకి, మండల విద్యాధికారి దగ్గరికి, పోవడానికి ఆ ప్రతే ఆధారం.

ఓటరు కార్డు, పాస్‌పోర్టు ఇప్పిస్తామని తిరిగే బ్రోకర్లున్నారు. వీళ్ల చేతిలో పడితే కుటుంబం మొత్తం మునుగుతుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త విదేశీయుల చట్టంలో నకిలీ పాస్‌పోర్టు, వీసాలకు 2 నుంచి 7 ఏళ్ల జైలుంది. దీనితో రద్దయిన 1946 విదేశీయుల చట్టం పేరుతో ఉన్న పాత కరపత్రాలు పంచకు. ఎవరి దగ్గరైనా నకిలీ కాగితం ఉందని తెలిస్తే చేతిలోకి తీసుకోకు, చింపేయమనీ చెప్పకు. ముందు లాయరుకు చూపించాలి.

ఎవరినైనా తీసుకెళ్లారని ఫోను వస్తే ఏ స్టేషను, ఎన్ని గంటలకు, ఏ అధికారి అన్నవి ముందు రాసుకో. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ఇంటివాళ్లకు తెలపాలి. ఆడవాళ్లకూ పిల్లలకూ నిర్బంధంలో ఉన్నవారికీ ఉచిత న్యాయ సహాయం ఉంది, పౌరసత్వం అడగరు. న్యాయ సహాయ నంబరు 15100కి ఫోను చెయ్యి, లేదా జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లు. నువ్వు స్టేషనులో వాదనకు దిగకు, లాయరు వచ్చేదాకా వాంగ్మూలాల జోలికీ పోకు.

ఇంకొకటి. పిల్లలకు బడిలో ఉర్దూ, తెలుగు త్వరగా పడతాయి కాబట్టి వాళ్ల చేత తల్లికి మాట చెప్పించడం అలవాటవుతుంది. కాన్పు సంగతులు, కొట్టిన దెబ్బల సంగతులు పదేళ్ల పిల్లవాడి నోటితో అడిగించకు. ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆడమనిషినే దుబాసీగా పెట్టుకో. ఆమె వాళ్ల చుట్టం కాకుండా చూసుకో. ఎవరి ఫొటోలూ కార్డులూ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకు. నీ పుస్తకంలో పేరుకు బదులు నంబరు వేసి, ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం ఆఫీసు బీరువాలో తాళం వేసి పెట్టు.