ఆరు గేదెల గురించి కాదు, మూడింటి రుజువు గురించి ఆలోచించండి

ప్రశ్న: లాయర్ గారూ, 2024 సెప్టెంబరు 1 నాటి బుడమేరు వరదలో మా ఆరు పాడిగేదెలు పోయాయి. రెండింటి కళేబరాలు మూడో రోజు దొరికితే, వాసన భరించలేక పూడ్చేశాం. నాలుగు కొట్టుకుపోయాయి. పక్కవాళ్లకు డబ్బు పడింది, మా పేరు జాబితాలోనే లేదు. ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగాం. ఇప్పుడు ఒకాయన పాత తేదీతో పోస్టుమార్టం సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు, మూడు గేదెలు మా తమ్ముడి పేరున రాయించమంటున్నాడు. సివిల్ కోర్టులో దావా వేయొచ్చా?
– ఒక పాడిరైతు, ఎన్టీఆర్ జిల్లా

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీల్లో మూడు పేజీలు అప్పులూ, ఆగిపోయిన అమ్మాయి పెళ్లీ. వాటితో అధికారి దగ్గర పని జరగదు. తేలాల్సింది ఒక్కటే. వరద ముందు రోజు ఆ గేదెలు మీ పాకలో ఉన్నాయని, ఆ నీళ్లలోనే పోయాయని కాగితం మీద చూపగలరా?

చూపగలరు. పూడ్చే ముందు మీ అబ్బాయి ఫోన్‌లో ఫొటోలు తీశాడని, చెవికి పసుపు ట్యాగు కనిపిస్తోందని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. మీ కేసంతా అక్కడే ఉంది. ఆ ట్యాగు మీది 12 అంకెల నంబరు, గాలికుంటు టీకా వేసినప్పుడు మీ పేరుతో ఆన్‌లైన్‌లో ఎక్కి ఉండాలి. పశువుల ఆస్పత్రిలో ఆ వివరాలు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ఫోన్ అమ్మొద్దు, ఫొటోలు చెరపొద్దు. వాట్సాప్‌లో పంపిన కాపీలో తీసిన తేదీ వివరాలు మిగలవు. కోర్టుదాకా వెళితే, ఆ ఫొటోలు ఆ ఫోన్‌లోవేనని చెప్పే సర్టిఫికెట్ కూడా భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం కావాలి.

కళేబరం దొరకని గేదెకు పాలకేంద్రం పుస్తకం తీయండి. ఆగస్టు 31 సాయంత్రం దాకా లీటర్లు రాసి, మర్నాటి నుంచి గళ్లు ఖాళీగా ఉంటే దానికి మించిన సాక్షి లేడు.

ఆరింటికీ రుజువు ఎలాగని టెన్షన్ పడకండి. వరద నాటి విపత్తు సహాయ నిధి కేంద్ర నిబంధనల్లో పాడిగేదెకు రూ.37,500. ఎన్ని పోయినా కుటుంబానికి మూడు పెద్ద పశువులకే, అంటే రూ.1,12,500. రాష్ట్రం తన నిధులతో ఎక్కువ ఇస్తే ఆ జీవోలో ఉంటుంది, చూసుకోండి. మూడింటికి గట్టి రుజువు చాలు.

ఆ మధ్యవర్తిని మాత్రం గడప తొక్కనివ్వకండి. తమ్ముడివి కాని గేదెలు తమ్ముడి పేరున రాయిస్తే అది అబద్ధపు క్లెయిమే. విపత్తు నిర్వహణ చట్టం, 2005, 52వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా కూడా. పైగా ఒక్క దొంగ సర్టిఫికెట్ బయటపడితే మీ నిజమైన ఫొటోలను కూడా ఎవరూ నమ్మరు. చేతిలో నిజం పెట్టుకుని అబద్ధం కొనుక్కుంటారా?

సివిల్ దావా కుదరదు. అదే చట్టం 71వ సెక్షన్ హైకోర్టు, సుప్రీంకోర్టు తప్ప మిగతా కోర్టుల దారి మూసేసింది.

ఇక మీ అసలు తప్పు. ఇన్ని నెలలు తిరిగామంటున్నారు, ఒక్క రసీదు లేదు! నోటిమాటగా అడిగినదానికి ఫైలు పుట్టదు. రిట్‌కు, అంటే అధికారి తన పని చేసేలా ఆదేశించమని హైకోర్టులో వేసే పిటిషన్‌కు, ఇన్ని నెలలని గడువు లేకపోయినా, ఇంతకాలం ఏం చేశారని హైకోర్టు మొదటే అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు రేపటి నుంచైనా కాగితం మీద తయారు చేసుకోండి.

ఐదు రూపాయల ఫీజుతో తహసీల్దారుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మీ ఊరి పశునష్టం జాబితా నకలు, మీ పేరు లేకపోవడానికి కారణం అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దానికోసం ఆగకుండా, వచ్చే సోమవారమే కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి అర్జీ, ఫొటోలు, ట్యాగు వివరాలు, పాల పుస్తకం నకళ్లు ఇచ్చి రసీదు తీసుకోండి. నష్టాన్ని ధ్రువీకరించాల్సింది ప్రభుత్వం నియమించిన అధికారే, కాబట్టి విచారణ జరిపించమని అర్జీలో స్పష్టంగా రాయండి. రెండు నెలల్లో కదలిక లేకపోతే హైకోర్టులో రిట్ వేయండి. కోర్టు సాధారణంగా డబ్బు నేరుగా ఇప్పించదు, మీ అర్జీని ఫలానా గడువులోగా తేల్చమని ఆదేశిస్తుంది. మీకు కావాల్సిందీ అదే.

లాయరు ఫీజుకు మళ్లీ అప్పు చేయకండి. వరద బాధితులకు న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987, 12వ సెక్షన్ ఉచిత న్యాయ సహాయం ఇస్తోంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు ఆ రసీదు తీసుకుని వెళ్లండి.