బోర్డు మార్చకుండానే పని అవుతుంది తమ్ముడూ

గుంటూరు తమ్ముడూ, టెన్షన్ పడకు. నీ కంప్యూటర్‌లో ఉన్నవి రైజెన్ 3 2200జీ ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు. ఆటలో ప్రాసెసర్ 100 శాతం కొడుతుంటే కార్డు సగంలోనే ఆగుతోందన్నావు. అంటే తప్పు కార్డుది కాదు, ప్రాసెసర్‌లో పని చేసే నాలుగు కోర్లు చాలడం లేదు. షాపులో చెప్పినట్టు బోర్డు, ర్యామ్ అన్నీ మార్చి డబ్బు పోగొట్టుకోకు.

రైజెన్ 5 5600 ప్రాసెసర్ ఒక్కటి తీసుకో. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు అదే ఏఎం4 సాకెట్, 6 కోర్లు, 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), 65 వాట్లే. డబ్బు చాలకపోతే 5500 చూడు. కాకపోతే దానిలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600లో 32. ఆటల్లో ఆ తేడా కనిపిస్తుంది, అందుకే ఒక నెల ఆగైనా 5600 కొనమంటాను.

ముందు పాత ప్రాసెసర్ మీదే బయోస్ (కంప్యూటర్‌ని మొదట లేపే బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్యి. ఇది మరిచిపోతే కొత్తది పెట్టాక తెర నల్లగానే ఉంటుంది.

ఇంకొకటి, ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్‌ని ఒక్కసారిగా పైకి లాగకు. విజయవాడలో మా ఇంట్లో నేను అలాగే లాగాను. రెండింటి మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్‌కి అతుక్కుని ప్రాసెసర్ కూడా ఊడి వచ్చింది, రెండు పిన్నులు వంగాయి. పది నిమిషాలు ఏదైనా ఆట ఆడి, ఆపేసి, ప్లగ్ తీసి, వేడి ఉండగానే కూలర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తియ్యి.

ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే, జతకు ఇంకోటి వెయ్యి.