పొద్దున్నే హడావిడి లేకుండా ఇంటిల్లిపాదికీ టిఫిన్ ఎలా? మా ఇంట్లో చేసే పద్ధతి ఇదండీ

ఇద్దరూ పనికెళ్ళాలి, పిల్లలు బడికెళ్ళాలి, పొద్దున్నే అరగంటలో అయిపోయే టిఫిన్లు ఏమున్నాయి, సాయంత్రం ఓపిక లేని రోజు తేలిగ్గా ఏం చేసుకోవచ్చు అని అడిగారు కదా. మా ఇంట్లోనూ సేమ్ సిట్యుయేషన్ అండీ, ఇద్దరం ఉద్యోగాలే, పైగా బాబుకి తీపి కావాలి పాపకి కారం కావాలి. నాకు అర్థమైంది ఏంటంటే పొద్దున్న టైమంతా పోయేది పొయ్యి దగ్గర కాదు, కూరగాయలు కోసుకోవడంలో, ఉడకబెట్టుకోవడంలో, అసలు ఇవాళ ఏం చేద్దాంరా బాబూ అని ఆలోచించడంలో. ఈ మూడూ రాత్రి భోజనాలయ్యాక వంటిల్లు సర్దుకునేటప్పుడే కానిచ్చేస్తే పొద్దున్న మిగిలేది పావుగంట పనే.

మేం ఎక్కువగా చేసేది బంగాళాదుంపల మందపాటి ఆమ్లెట్. రాత్రే రెండు మీడియం సైజు దుంపలు తొక్కతోనే చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టండి, నీళ్ళు మరిగాక వేస్తే పైన మెత్తబడిపోయి లోపల పచ్చిగా ఉండిపోతాయి. ఉడికాక చల్లారనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టేయండి. చల్లబడ్డ దుంప గట్టిపడుతుంది కాబట్టి పొద్దున్న కోస్తే ముక్క ముక్కలాగే ఉంటుంది, వేగేటప్పుడు చిదిరిపోదు. పొద్దున్న పెనంలో రెండు స్పూన్ల నూనె వేసి ముందు ఉల్లిపాయ, తర్వాత దుంప ముక్కలు, ఉప్పు, మిరియాల పొడి వేసి ముక్కల అంచులు ఎర్రబడేదాకా కదపకుండా వదిలేయండి, మాటిమాటికీ గరిటె పెడితే ఆ ఎరుపు రాదు. ఈలోపు నాలుగైదు గుడ్లు చిటికెడు ఉప్పేసి గిలక్కొట్టి పైన పోసేసి, మంట బాగా తగ్గించి మూత పెట్టేయండి. ఆరేడు నిమిషాలకి చుట్టూ అంచులు గట్టిపడి పెనం నుంచి విడిపోతుంటాయి, మధ్యలో మాత్రం పెనం కదిపితే కొంచెం ఊగుతుంటుంది, సరిగ్గా అక్కడ పొయ్యి కట్టేయాలి. మూత తియ్యకుండా ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచితే ఆ వేడికే మధ్యలో కూడా గట్టిపడిపోతుంది, తిరగేసే పని లేదు, అడుగు మాడదు. ఇంట్లో చిన్నపిల్లలో పెద్దవాళ్ళో గర్భిణులో ఉంటే మాత్రం మధ్యలో పచ్చి సొన లేకుండా పూర్తిగా ఉడికిందో లేదో చాకుతో గుచ్చి చూసుకోండి. ముక్కలు కోసుకుని వేడిగా తినొచ్చు, చల్లారాక బ్రెడ్ మధ్యలో పెట్టి పిల్లల డబ్బాలోకి కూడా సర్దేయొచ్చు.

ఇక పాన్‌కేకులు. బయట రెడీమేడ్ పొడి కొనే అవసరమే లేదండీ, రెండు కప్పుల మైదా, నాలుగు చెంచాలు అంటే టీస్పూన్లు బేకింగ్ పౌడర్, అర చెంచా ఉప్పు కలిపి గాలి తగలని డబ్బాలో పోసి పెట్టుకోండి. గోధుమపిండి సగం కలిపినా బానే వస్తాయి, పాలు కాస్త ఎక్కువ పీలుస్తుంది అంతే. పొద్దున్న ఒక కప్పు పొడికి ఒక గుడ్డు, ముప్పావు కప్పు పాలు, ఒక స్పూన్ కరిగించిన వెన్న. కలిపేటప్పుడు అక్కడక్కడా చిన్న ఉండలు కనపడుతుంటే కనపడనివ్వండి, ఇది చాలామంది నమ్మరు కానీ నున్నగా అయ్యేదాకా గిలక్కొట్టారంటే పిండికి సాగుడు గుణం వచ్చేసి రబ్బరులా తయారవుతాయి. కలిపి ఐదు నిమిషాలు పక్కన పెట్టి సన్న సెగ మీద వెయ్యండి. పైన బుడగలు రాగానే తిప్పెయ్యకూడదు, బుడగ పగిలి ఆ చిల్లు పూడకుండా అలాగే నిలబడాలి, అప్పుడు తిప్పితే అడుగు రంగు సమంగా ఉంటుంది.

ఇందులో నాకు బాగా నచ్చేది ఏంటంటే పొడిలో పంచదార లేదు కాబట్టి ఒకే పిండిని రెండు గిన్నెల్లోకి పంచుకోవచ్చు. ఒకదాంట్లో బాగా మగ్గిన అరటిపండు మెదిపి కలిపితే బాబుకి, వేరే తీపే అక్కర్లేదు. రెండోదాంట్లో క్యారెట్ తురుము, సన్నగా తరిగిన ఉల్లిపాయ, మిరియాల పొడి వేస్తే పాపకి. ఇద్దరికీ రెండు వంటలు చెయ్యాలన్న బాధ మాకు దీంతోనే తీరింది. గుడ్డు తినని వాళ్ళుంటే గుడ్డు మానేసి పావు కప్పు పెరుగు వెయ్యండి, అంత పొంగవు గానీ మెత్తగా ఉంటాయి.

అసలు పొయ్యి వెలిగించే టైమే లేని రోజులకి ఓట్స్. రాత్రి ఒక కప్పు ఓట్స్‌కి ఒక కప్పు పాలు, రెండు స్పూన్ల పెరుగు కలిపి ఫ్రిజ్‌లో పెట్టడమే. ఇన్‌స్టంట్ రకం వద్దు, పొద్దుటికి జావ అయిపోతుంది, మామూలు రేకుల రకమే తీసుకోండి. పండ్ల ముక్కలు మాత్రం తినేముందే వెయ్యండి. ఏడాది నిండని పసివాళ్ళకి ఇందులోనే కాదు ఎందులోనూ తేనె కలపకూడదు, వాళ్ళ పేగులు దానిలో ఉండే, బోటులిజం అనే జబ్బు తెచ్చే క్రిముల్ని తట్టుకోలేవు. ఐదేళ్ళ లోపు వాళ్ళకి బాదంలాంటి గింజలు ముక్కలుగా కాకుండా పొడి చేసి వెయ్యండి, గొంతులో అడ్డం పడతాయి.

సాయంత్రం విషయానికొస్తే మిగిలిన అన్నమే పెద్ద ఆధారం. వేడన్నం వేయిస్తే ముద్దవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నమైతే తడి తగ్గి పొడిపొడిగా విడిపోతుంది. మూకుడు బాగా కాలాక నూనె, వెల్లుల్లి, ఇంట్లో ఉన్న కూరగాయలు సన్నగా తరిగి పెద్ద మంట మీద రెండు మూడు నిమిషాలు, వాటిని ఒక పక్కకి జరిపి ఖాళీ చోట రెండు గుడ్లు కొట్టి కలియబెట్టి, పైన అన్నం వేసి అంతా పొగలు వచ్చేదాకా వేయించడమే. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, అన్నం రాత్రంతా పొయ్యి పక్కనే వదిలేసి మర్నాడు వేయించుకోవద్దు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, బయట వెచ్చగా ఉన్నకొద్దీ అవి పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకని మిగిలిందని తెలియగానే వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఆరనిచ్చి, గంటలోపు ఫ్రిజ్‌లోకి చేర్చి, మర్నాడే వాడేసుకోండి, రెండోసారి మిగిలితే మళ్ళీ దాచకండి.

అన్నం లేదంటే సూప్ పెట్టేస్తాం. ఉల్లిపాయ, క్యారెట్, ఒక బంగాళాదుంప ముక్కలు కాస్త వెన్నలో మగ్గించి, మునిగేదాకా నీళ్ళు పోసి మెత్తగా ఉడికించి, అందులో సగం మెదిపేస్తే దానంతటదే చిక్కబడుతుంది, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. పక్కన కాల్చిన బ్రెడ్, ఉడకబెట్టిన గుడ్డు ఉంటే అందరికీ కడుపు నిండుతుంది. గుడ్లు మరిగే నీళ్ళలో వేసి ఏడు నిమిషాలైతే సొన మెత్తగా, పదకొండు నిమిషాలైతే గట్టిగా వస్తుంది, వెంటనే చన్నీళ్ళలో వెయ్యండి, లేకపోతే లోపల ఉడుకుతూనే ఉండి సొన చుట్టూ ఆకుపచ్చ గీత పడుతుంది. ఆ గీత వల్ల ప్రమాదం ఏమీ లేదు గానీ పిల్లలు చూసి పక్కన పెట్టేస్తారు.

మీ పిల్లల వయసెంతో, గుడ్డూ పాలూ పడతాయో లేదో రాయండి, దాన్నిబట్టి డబ్బాల్లోకి పనికొచ్చేవి ఇంకో రెండు మూడు చెప్తాను.