సమాధానం: 2 కొరింథీ 9:7లో ‘హిలరోస్’ అంటే నవ్వుతూ ఇవ్వడమేనా?

బ్రదర్, ‘దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును’ అన్న వాక్యంలో ‘ఉత్సాహముగా’ అన్నచోట ఉన్న గ్రీకు మాట ‘హిలరోస్’. దీని నుంచే ఇంగ్లీషు ‘హిలేరియస్’ వచ్చింది కాబట్టి పగలబడి నవ్వుతూ కానుక ఇవ్వాలని ప్రసంగంలో విన్నానన్నారు. మాటల చుట్టరికం నిజమే, అర్థం మాత్రం తలకిందులైంది. ఇంగ్లీషు మాటకు ఆ నవ్వులాట అర్థం చాలా శతాబ్దాల తర్వాత అంటుకుంది. పౌలు నాటి గ్రీకులో అది సంతోషంగా, మనసారా ఉండటం. రోమా 12:8లో కరుణించేవాడి గురించి వాడిన ‘హిలరోటేస్’ కూడా ఈ కుటుంబానిదే.

ఆ వాక్యం కూడా పౌలు కొత్తగా కట్టింది కాదు. సామెతలు 22:8 దగ్గర గ్రీకు అనువాదమైన సెప్టువజింట్‌లో, హీబ్రూలో లేని ఒక పంక్తి ఉంది: ఉల్లాసంగా ఇచ్చేవాణ్ణి దేవుడు ‘ఆశీర్వదిస్తాడు’ అని. పౌలు అక్కడ ‘ప్రేమిస్తాడు’ అన్నాడు.

నన్నడిగితే 9:7కు అసలు తాళంచెవి అందులోనే ఉన్న ‘ప్రొఎరేతాయ్’ అనే గ్రీకు క్రియ. ముందే ఎంచుకుని నిశ్చయించుకోవడం. కొత్త నిబంధనలో ఈ క్రియ ఇక్కడొక్కచోటే ఉంది. మన బైబిల్లో ‘సణుగుకొనకయు’ అన్నచోట గ్రీకులో ‘ఎక్ లూపేస్’, అంటే దుఃఖంతో. పైకి సణగకపోయినా లోపల బాధపడుతూ ఇస్తే అదీ ఇందులోకే వస్తుంది. పక్కనే ‘ఎక్స్ అనాంకేస్’, బలవంతం మీద. ఈసారి 8:3లో ‘అవుథైరెతోయ్’, అంటే తమంతట తామే, అన్న మాటతో కలిపి చదవండి.