బేర్‌బోన్ కిట్‌తో (కొన్ని భాగాలు లేకుండా సగం తయారుగా వచ్చే ల్యాప్‌టాప్‌తో) ల్యాప్‌టాప్ మనమే బిగించుకుంటే డబ్బు మిగులుతుందా?

పెద్దగా మిగలదు, చాలాసార్లు షాపులో దొరికే రెడీమేడ్ ల్యాప్‌టాపే చవక. కిట్‌లో బాడీ, స్క్రీన్, కీబోర్డు, బ్యాటరీ, మదర్‌బోర్డు ముందే బిగించి వస్తాయి. ఖర్చులో సింహభాగం వాటిదే. ఇక ర్యామ్, ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డ్రైవ్), విండోస్ లైసెన్స్ అంటారా, పెద్ద కంపెనీలు లక్షల సంఖ్యలో కొనే రేటుకు మనకు విడిగా దొరకవు.

2021లో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ కంపెనీ ల్యాప్‌టాప్ డీఐవై (మనమే బిగించుకునే) ఎడిషన్‌నే చూడండి. అందులో మనం పెట్టుకునేది ప్రధానంగా ర్యామ్, ఎస్ఎస్‌డీ, వైఫై కార్డు, ఆపరేటింగ్ సిస్టమ్. స్క్రూడ్రైవర్ కూడా వాళ్లే ఇస్తారు. పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన ర్యామ్, ఎస్ఎస్‌డీ చేతిలో ఉండి, ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో సరిపెట్టుకునేవాళ్లకు మాత్రం కొంత కలిసొస్తుంది. (పాత తరం డీడీఆర్4 ర్యామ్ కొత్త తరం డీడీఆర్5 స్లాట్‌లో పట్టదు, ముందే చూసుకోండి.)

డెస్క్‌టాప్‌లా ప్రాసెసర్, గ్రాఫిక్స్ కూడా నచ్చినవి తెచ్చి పెట్టుకోవచ్చని చాలామంది అనుకుంటారు. సాధారణంగా కుదరదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నిట్లో ప్రాసెసర్‌ని, చాలావాటిలో గ్రాఫిక్స్ చిప్‌ని కూడా బోర్డుకే సోల్డర్ చేసేస్తారు (టంకం వేసి అతికిస్తారు). ఆ బోర్డు కూడా ఆ మోడల్ బాడీకి కొలిచి చేసిందే. డెస్క్‌టాప్ క్యాబినెట్లకు ఉన్నట్టు అందరికీ ఒకే సైజులు ఇక్కడ లేవు. అందుకే ప్రాసెసర్ సంగతి కిట్ ఆర్డర్ పెట్టేటప్పుడే తేల్చుకోవాలి.