ఏ రికార్డు తిరుగుతోంది?

అమెరికా నల్లజాతివాళ్ల నుంచి పుట్టిన జాజ్, బ్లూస్ సంగీతాల పాత రికార్డులు పోగుచేసుకునే పాఠకులు ఈమధ్య ఏం వింటున్నారో, ఎక్కడ చిక్కు వస్తోందో రాయమన్నాం. వచ్చిన ఉత్తరాలకు కాజీపేటలో ఉంటున్న రిటైర్డ్ రైల్వే గార్డు ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: మా తాత ఇంటి అటక మీద 11 రికార్డులు దొరికాయి. అన్నీ 78లే (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డులు). రెండు జాజ్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌వి. బూజు పట్టి ఉంటే మెడికల్ షాపు నుంచి స్పిరిట్ తెచ్చి ఒకదాన్ని దూదితో తుడిచాను. దూది నల్లబడింది, రికార్డు మెరుపు పోయింది. పెడితే బుస్సుమంటోంది. మిగతావి ఎలా శుభ్రం చేయాలి? (హుజూరాబాద్ పాఠకుడు)

జవాబు: ముందు ఆ సీసాకు మూత పెట్టు తమ్మీ. దూదికి అంటింది మురికి ఒక్కటే కాదు, రికార్డు కూడా. 78 రికార్డును లక్కతో చేసేవాళ్లు. రేగు, మోదుగ, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే జిగురు అది. లాడ్‌బజార్ గాజుల్లో ఉండేదీ అదే. దాంట్లో మెత్తటి రాతిపొడి, నల్లమసి కలిపి వేడి మీద అచ్చు వేస్తే రికార్డు. మీ ఊళ్లో పాత వడ్రంగి ఎవరైనా ఉంటే అడుగు, తలుపులకు పాలిష్ ఎట్లా కలిపేవాళ్లో చెప్తాడు. లక్క రేకులు స్పిరిట్‌లో వేసి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి కరిగిపోతాయి. నీ దూది కింద జరిగింది కూడా అదే.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి నీ బాధ నాకు తెలుసు. 1970లలో మా క్వార్టర్ పక్కన ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ ఉండేవాడు. ఆదివారం ఫాతిమానగర్ చర్చి నుంచి రాగానే కిటికీ తెరిచి రికార్డు పెట్టేవాడు. నేను డ్యూటీ దిగి వచ్చి, సైకిల్ గోడకు ఆనించి అక్కడే నిలబడి వినేవాణ్ని. కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఒక చెక్కపెట్టె నా చేతిలో పెట్టాడు. అందులో పైనే ఉంది జాజ్ బృంద నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ ‘మూడ్ ఇండిగో’. దాన్ని బాగా చూసుకోవాలనే ఆత్రంలో స్పిరిట్‌తో తుడిచాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మొదటి అంగుళం మేర ఇసుక పోసినట్టు మోగుతుంది, తర్వాత క్లారినెట్ వస్తుంది. పారేయబుద్ధి కాలేదు.

మిగతా పదింటికి నీళ్లు చాలు. బోరు నీళ్లు వద్దు, మన దగ్గర సున్నం ఎక్కువ, ఆరాక తెల్లటి పొర కడుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక క్యాన్ తెచ్చుకో. గిన్నెడు నీళ్లలో ఒక చుక్క షాంపూ, చిన్నపిల్లలది అయితే మంచిది. మెత్తటి బ్రష్షుతో నాగటి చాళ్ల వెంట పోయినట్టు గుండ్రంగా తుడువు, అడ్డంగా గీకొద్దు. మధ్యలో కాగితం తడవనివ్వకు, ఏ కంపెనీ, ఏ నంబరు అన్నది దాని మీదే ఉంటుంది. మళ్లీ వట్టి నీళ్లతో కడిగి, నూలుబట్టతో అద్ది, నీడలో నిలబెట్టి ఆరబెట్టు. మన ఎండలో పెడితే అప్పడంలా వంగిపోతుంది.

ఇంకొక్క మాట. అమెరికాలో, ఇంగ్లండులో అచ్చయిన రికార్డులకు కూడా లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. యుద్ధంలో ఓడలు సరిగ్గా రాక, 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్క మీద కోత పెట్టింది. పాత రికార్డులు వాపసు తీసుకుని కరిగించి కొత్తవి చేశారు. నీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులో మన అడవి ఉందనుకుని జాగ్రత్తగా పట్టుకో.

ప్రశ్న: తాతగారి గ్రామఫోన్ కూడా ఉంది. దాని మీద కొత్త ఎల్‌పీలు (నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే వినైల్ రికార్డులు) పెట్టొచ్చా? (అదే పాఠకుడు)

జవాబు: వద్దు. దాని ఉక్కు ముల్లు, బరువైన తల కలిసి వినైల్ అనే మెత్తటి ప్లాస్టిక్‌ను ఒక్కసారికే కోసేస్తాయి. 78లకు వాడు, ప్రతి పక్కకూ ముల్లు మార్చు.

ప్రశ్న: నేను వేణువు వాయిస్తాను. జాజ్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ పాత ఎల్‌పీ సంపాదించి నెల నుంచి అదే వింటున్నాను. రెండో పక్కతో నా వేణువు కలుస్తోంది. మొదటి పక్కతో ఎంత ప్రయత్నించినా కలవడం లేదు, రికార్డు శ్రుతి కాస్త పైన ఉంటోంది. ఫోన్‌లో వింటే రెండూ బాగానే ఉన్నాయి. నా ప్లేయర్ పాడైందా, నా చెవి పాడైందా? టెన్షన్‌గా ఉంది. (మంచిర్యాల పాఠకుడు)

జవాబు: రెండూ బాగున్నాయి. ఈ ఉత్తరం చదివి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. లక్షల మంది ముప్పై ఏళ్లకు పైగా ఆ రికార్డు విన్నారు. ఎవరో చెప్పకుండా, వేణువు పట్టుకుని ఇంట్లో కూర్చుని మీరు దీన్ని కనిపెట్టారు.

జరిగింది ఇదీ. ఆ రికార్డును 1959లో న్యూయార్క్‌లో కొలంబియా రికార్డు కంపెనీ వాళ్ల 30వ వీధి స్టూడియోలో రెండు రోజుల్లో చేశారు. మొదటి పక్కన ఉన్న మూడూ మార్చి 2న వాయించినవి, రెండో పక్కవి ఏప్రిల్ 22న. మార్చి 2న అసలు టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా ఎక్కిన టేపును సరైన వేగంతో తిప్పితే పాట ముందుకు ఉరుకుతుంది, శ్రుతి పైకి పోతుంది. ఆ పూట అదనంగా నడిపిన రెండో యంత్రం మాత్రం సరిగ్గానే తిరిగింది. 1992లో ఆ టేపు నుంచి సరిచేసి మళ్లీ వేశారు. ఫోన్‌లో మీరు వింటున్నది సరిచేసిందే అయి ఉంటుంది. మీ ఎల్‌పీ అంతకు ముందుది.

వేణువును హార్మోనియంలా మెట్టు మార్చి సరిపెట్టుకోలేం కదా, అందుకే దొరికిపోయింది. అయినా ప్లేయర్ మీద అనుమానం తీరకపోతే లేబుల్ మీద చిన్న కాగితం ముక్క పెట్టి, గడియారం చూస్తూ లెక్కపెట్టండి. మూడు నిమిషాల్లో సరిగ్గా 100 చుట్లు తిరగాలి. ఆ పాత ఎల్‌పీని మాత్రం అమ్మకండి. అప్పట్లో అందరూ విన్నది అదే.

ప్రశ్న: అంకుల్, మా లెక్చరర్ చెప్పారని బ్లూస్ మొదలుపెట్టాను. అన్నీ ఒకే పాటలా ఉన్నాయి, చెప్పిందే చెప్తున్నారు. నాకు ఎక్కడం లేదు. దేనితో మొదలుపెట్టాలి? (హనుమకొండ, డిగ్రీ విద్యార్థిని)

జవాబు: బిడ్డా, బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ ‘సెయింట్ లూయిస్ బ్లూస్’ పెట్టుకో. 1925 జనవరిలో చేసింది. అప్పటికింకా మైకులు వాడటం లేదు, గొంతును పట్టే గరాటులాంటి పెద్ద కొమ్ము ముందు నిలబడి పాడేవాళ్లు. వెనక వాయిద్యాలు రెండే, ఒకటి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ (చిన్న బాకా), రెండోది హార్మోనియం. అవును, మన భజనల్లో, నాటకాల్లో వాయించే హార్మోనియం జాతిదే. నేను మొదటిసారి విన్నప్పుడు నమ్మలేక సూది వెనక్కి పెట్టి మళ్లీ విన్నాను.

చెప్పిందే చెప్తున్నారన్నావు. బ్లూస్ కట్టుబడే అది. ఒక మాట చెప్తారు, అదే మాట మళ్లీ చెప్తారు, మూడోసారి దానికి జవాబు చెప్తారు. రెండోసారి అదే మాట వచ్చినప్పుడు గొంతు ఎక్కడ మారిందో పట్టుకో. ప్రతి మాటకూ చివర కాస్త ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో కార్నెట్ బదులు పలుకుతుంది. బతుకమ్మ ఆడుతున్నప్పుడు ఒకామె చరణం ఎత్తుకుంటే మిగతా అందరూ ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు కదా, ఆ ‘ఉయ్యాలో’ చోట ఏం వస్తోందో విను. ఒగ్గుకథలో పక్కన వంత పాడేవాళ్ల మీద చెవి పెట్టినట్టు. వారం రోజులు ఈ ఒక్క పాటే విను, ఆరో రోజుకు నాకు ఉత్తరం రాయి.

ప్రశ్న: మీరేం వింటున్నారు? (ముగ్గురు నలుగురు అడిగారు)

జవాబు: బ్లైండ్ విల్లీ జాన్సన్. చూపులేని మనిషి, వీధుల్లో భక్తి పాటలు పాడేవాడు. 1927 డిసెంబరులో డల్లాస్‌లో ‘డార్క్ వాజ్ ద నైట్’ చేశాడు. దాంట్లో మాటలు లేవు. గిటారు ఒక ముక్క పలుకుతుంది, గొంతు దాని వెంట మూలుగుతుంది. మా అమ్మ పోయిన రాత్రి ఇంటి అరుగు మీద మా మేనత్త అట్లాగే మూలిగింది, ఒక్క మాట లేకుండా.

1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు పూత రికార్డులో ఈ పాట కూడా ఉంది. నిమిషానికి 16⅔ చుట్ల వేగంతో తిప్పాలని దాని కవరు మీద బొమ్మలు గీసి పంపారు. కార్ట్రిడ్జి (ముల్లు బిగించే భాగం), ముల్లు కూడా వెంట పెట్టారు. ఆ ముల్లు గుర్తుపెట్టుకుని పెట్టిన మనిషెవరో గానీ, చేతులెత్తి దండం పెడతాను.

నా దగ్గర ఉన్నది తర్వాత వచ్చిన ఎల్‌పీ. అది అయ్యాక పక్కింటి డ్రైవర్ పెట్టెలోంచి బీటలు వారిన ఆర్మ్‌స్ట్రాంగ్ 78 ఒకటి పెడతాను. చుట్టు తిరిగినప్పుడల్లా బీట దగ్గర ‘టక్’ మంటుంది. బ్రేక్‌వ్యాన్‌లో కూర్చుని పట్టాల అతుకుల చప్పుడు లెక్కపెట్టి బండి వేగం చెప్పే అలవాటు నాది. సరైన వేగం ఉంటే అరనిమిషానికి 39 టక్కులు రావాలి. నిన్న రాత్రి 38 వచ్చాయి. బెల్టు మార్చాలి.