ఏటి ఒడ్డున ఫంక్ కచేరీ రికార్డు చేయబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర ఆరుబయట జాజ్-ఫంక్ బ్యాండు కచేరీ రికార్డు చేసే పని ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. ముందుగా ఒక్క మాట. మిక్సర్ మెయిన్ అవుట్ నుంచి రెండు ట్రాకులు తీసుకుని పనైపోయిందనుకోకు. డ్రమ్స్, గిటార్ యాంప్, ట్రంపెట్ వేదిక మీంచే ముందు వరుసలకి గట్టిగా వినపడతాయి. అందుకని సౌండ్ ఇంజినీరు వాటిని స్పీకర్లలోకి కొంచెమే పంపి, గొంతునీ కీబోర్డునీ పెంచుతాడు. అక్కడ కూర్చున్నవాళ్లకి అది సరిపోతుంది. ఇంటికొచ్చి వింటే మాత్రం డ్రమ్స్ పక్కవీధిలో వాయిస్తున్నట్టుంటాయి. ఫంక్‌కి ప్రాణమే కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), బేస్ గిటార్. అవి పలచబడితే ఆ రికార్డింగు ఎవరూ రెండోసారి వినరు.

కాబట్టి ఒక్కో వాయిద్యానికీ ఒక్కో ట్రాకు తీసుకో. డిజిటల్ మిక్సరైతే యూఎస్‌బీ కేబుల్ చాలు, కానీ సిగ్నల్ ఈక్యూకీ (స్వరం రంగు మార్చే మీటలు) ఫేడర్‌కీ (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట) ముందే తీసుకోవాలి. గెయిన్ (మైకు సిగ్నల్‌ని మొదట్లోనే పెంచే మీట) మాత్రం సౌండ్ ఇంజినీరుకీ నీకూ ఒకటే. పాట మధ్యలో ఆయన అది తిప్పితే నీ ట్రాకు లెవెలూ మారిపోతుంది. సౌండ్ చెక్ అయ్యాక ఫేడర్లే కదపమని ముందే మర్యాదగా అడుగు. సౌండ్ చెక్‌లో మీటరు మీద పీక్ (అన్నిటికన్నా గట్టి శబ్దం) మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర ఆపు. జనాన్ని చూశాక వాయించేవాళ్ల ఊపు పెరుగుతుంది, 6 డెసిబెల్స్ ఎక్కడం మామూలే. 24 బిట్‌లో లెవెల్ తక్కువైతే నష్టం లేదు. సున్నా దాటి పగిలిన శబ్దాన్ని మాత్రం సరిగ్గా బాగుచెయ్యలేం.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో 24 ట్రాకులకి గంటకి దాదాపు 12.5 జీబీ పడుతుంది. ట్రాకులన్నీ ఒకే ఫైల్లో పెట్టే రికార్డరూ, ఎఫ్ఏటీ32 (ఒక్కో ఫైలు 4 జీబీ దాటనివ్వని పాత పద్ధతి) డిస్కూ అయితే 20 నిమిషాలకే 4 జీబీ హద్దు తగులుతుంది. అక్కడ ఫైలు తెగకుండా తర్వాతి దానిలోకి వెళుతోందో లేదో ముందురోజే చూసుకో.

బేస్‌ని యాంప్‌కి ముందే డీఐ బాక్సు (వాయిద్యం సిగ్నల్‌ని నేరుగా మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె) నుంచి తీసుకో. స్నేర్ (కర్రతో కొట్టే గరగర డ్రమ్ము) కింద కూడా మైకు పెడితే దాని పొలారిటీ తిప్పు (సిగ్నల్ ప్లస్, మైనస్ తారుమారు చెయ్యి), లేకపోతే దెబ్బలో బరువు పోతుంది. శాక్సఫోన్ శబ్దం గంట లాంటి మూతి నుంచే కాదు, మీటల రంధ్రాల నుంచీ వస్తుంది. మైకు ఒక అడుగు దూరంలో, రెండిటికీ మధ్యకి చూసేలా పెట్టు. వెనకే డ్రమ్స్ ఉంటే క్లిప్ మైకే మేలు.

చాలామంది మరిచేది జనం మైకులు. ఆరుబయట గోడలుండవు, ప్రతిధ్వని రాదు, దగ్గరి మైకులొక్కటే వింటే పొడిపొడిగా ఉంటుంది. వేదిక రెండు అంచుల్లో, స్పీకర్ల వెనక వరసలో, జనం వైపు తిప్పి రెండు కార్డియాయిడ్ మైకులు (ముందువైపు శబ్దమే ఎక్కువ పట్టేవి) పెట్టు. డ్రమ్స్ నుంచి ఈ మైకులకి ప్రతి 3 మీటర్ల దూరానికీ శబ్దం 9 మిల్లీసెకన్ల దాకా ఆలస్యమవుతుంది. కచేరీకి ముందు స్నేర్ మీద ఒక్క దెబ్బ కొట్టించి రికార్డు చేసుకుంటే తర్వాత ట్రాకులు జరిపి సరిచూసుకోవచ్చు. కృష్ణ మీంచి వచ్చే గాలికి పల్చటి స్పాంజి చాలదు, బొచ్చు తొడుగు కావాలి. గాలి హోరుకి ప్రీయాంపులోనే (మైకు సిగ్నల్‌ని మొదట పెంచే భాగం) శబ్దం పగిలితే తర్వాత ఈక్యూతో కోసినా లాభముండదు. చలికాలం రాత్రి ఏటి ఒడ్డున మంచు కురిస్తే కండెన్సర్ మైకు (కరెంటుతో నడిచే సున్నితమైన రకం) చెమ్మ పట్టి చిటపటలాడుతుంది. వాడనప్పుడు సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో ఉంచు.

జనరేటర్ కరెంటు మీద రికార్డర్‌ని నేరుగా నడపకు, మధ్యలో యూపీఎస్ ఉండాలి. దానికీ మిక్సర్‌కీ ఒకే చోటు నుంచి కరెంటు తీసుకుంటే గుయ్యిమనే హమ్ చాలావరకు రాదు. హమ్ వచ్చినా ప్లగ్గు ఎర్తు పిన్ను ఎప్పుడూ తీసెయ్యొద్దు నాయనా, ప్రాణం మీదికొస్తుంది. డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్నదే అందుకు.

రాత్రి 10 గంటల తర్వాత లౌడ్‌స్పీకర్లకి అనుమతి ఉండదు కాబట్టి సౌండ్ చెక్ మధ్యాహ్నమే మొదలెట్టించు. కచేరీ అయ్యాక వేదిక దిగకముందే రెండో డిస్కులోకి కాపీ చేసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి విను. రెండు డిస్కులూ ఒకే సంచిలో పెట్టకు.

మీ మావయ్య